మూడో కాలయ్య

3 ఆగస్టు 1998, సోమవారం

ఈ రోజు నుంచి నేను కాలయ్యను.

ఎవరితోనైనా అంటే నవ్వుతారు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. మార్కండేయ పొద్దున కార్ఖానాకే వచ్చాడు. నిజామాబాదులో మా వైపు గల్లీలన్నిటికీ కేబుల్ టీవీ ఆయనదే. ఆ కేబుల్లో ఆదివారం సాయంత్రం ఆరున్నరకు వచ్చే ‘కాలయ్య’ సీరియల్ రాసేదీ తీసేదీ కూడా ఆయనే. నేను బల్ల మీద బీడీ కట్టలు విప్పి చూస్తున్నాను.

“రాజనర్సన్నా, లింబాద్రికి ఆర్టీసీల కండక్టర్ నౌకరి అచ్చింది. కాలయ్యకు ఒళ్లు మార్సాలె. నువ్వు అయితవా?” అన్నాడు.

అయితనన్నాను. ఆలోచించి చెప్తానని అనడానికి నోరు రాలేదు.

కాలయ్య కథలో ఉన్న సదుపాయమే అది. ఆయన చావడు. ప్రాణం మీదికి వచ్చిందంటే చెరకు కాటా ఎక్కి నిలబడతాడు, ముల్లు గిరగిరా తిరుగుతుంది, పొగ లేస్తుంది, పొగ తగ్గేసరికి అదే మనిషి వేరే ఒంట్లో ఉంటాడు. మామూలు రోజుల్లో అదే కాటా ఆయన్ని వెనక కాలానికీ ముందు కాలానికీ తీసుకుపోతుంది. ముల్లు మనకు క్వింటాళ్లు చూపిస్తుంది, ఆయనకు సంవత్సరాలు చూపిస్తుంది. మొదటి కాలయ్య డ్రాయింగు సారు ఆత్మారాం. ఆయనకు మోర్తాడ్ బదిలీ అయితే లింబాద్రి వచ్చాడు. ఏడాది పాటు గల్లీలన్నీ ఏలాడు.

పోతూ పోతూ మార్కండేయ అన్నాడు: “ఎనిమిది ఐతారాలు ఇస్తున్న. దసర లోపట జనం నిన్ను ఒప్పుకుంటె నువ్వే కాలయ్యవు. లేకుంటె మల్ల ఒళ్లు మారుస్త. మా బామ్మర్ది సాయన్న తయారుగనే ఉన్నడు.”

సాయన్నకు ఆ శ్రమ లేకుండా చేస్తాను.

4 ఆగస్టు

తారాబాయికి చెప్పాను. బెండకాయలు కోస్తూ విన్నది.

“లింబాద్రి నవ్వుతె గల్లీ అంత నవ్వుతుండె. నువ్వు మన పెండ్లి ఫొటోలనే నవ్వలేదు గద,” అన్నది.

నవ్వు నేర్చుకోవడం ఏమంత కష్టం? పదహారేళ్లుగా బీడీల్లో తప్పులు పడుతున్నవాణ్ని, నా నవ్వులో తప్పు నేను పట్టుకోలేనా? అద్దం ముందు గంట సేపు సాధన చేశాను. తల కొంచెం వెనక్కి, కుడి చెయ్యి నడుం మీద, మూడు సార్లు ‘హ’. లింబాద్రి అలాగే నవ్వుతాడు.

6 ఆగస్టు, గురువారం

మొదటి షూటింగు. మేనేజరు గురువారాలు మధ్యాహ్నం నుంచి సెలవిచ్చాడు.

కాటా బోధన్ దగ్గర పున్నయ్యగారి బెల్లం బట్టీలో ఉంది. గానుగ ఆడే కాలం కాదు కాబట్టి ఖాళీగా పడి ఉంటుంది. పున్నయ్యగారిది కృష్ణా జిల్లా, వాళ్ల నాన్న కాలవ కింద పొలం కొనుక్కుని ఇటు వచ్చాడట. కుర్చీ వేసుకుని షూటింగంతా చూస్తాడు. పొగ కోసం తడి చెరకు పిప్పి కాలిస్తే నాకు దగ్గు ఆగలేదు. కాలయ్యకు కొత్త ఒళ్లు కదా, దగ్గు వస్తే రానీ అన్నాడు మార్కండేయ.

అయిపోయాక పున్నయ్యగారు లేచి వచ్చి చేయి కలిపాడు. “బాగా చేశారండీ. అచ్చం లింబాద్రిగారు చేసినట్టే ఉందండీ,” అన్నాడు.

తిరుగుదారిలో ఆ మాటే మళ్లీ మళ్లీ గుర్తు చేసుకున్నాను. మొదటి రోజే అంత మాట!

9 ఆగస్టు, ఆదివారం

వచ్చింది. చూశాం. తార బాగుందన్నది. నేను అడిగాక అన్నది.

10 ఆగస్టు, సోమవారం

ఒక సంగతి ఎవరికీ తెలియదు, మా కార్ఖానాలో వాళ్లకు తప్ప. కాలయ్యను జనం చూశారో లేదో సోమవారం నా బల్ల మీద తెలుస్తుంది.

ఆడవాళ్లు ఇంట్లో చాట ఒళ్లో పెట్టుకుని టీవీ చూస్తూ బీడీలు చుడతారు. చేతులకు అలవాటైన పని, మామూలు సినిమా వస్తే చెయ్యి తప్పదు. కానీ లింబాద్రి కాటా ఎక్కాడంటే తప్పేది. వదులు చుట్ట, వంకర చుట్ట, మొన మడవడం మర్చిపోయిన చుట్ట. ఆదివారం చుట్టినవి సోమవారం తెస్తారు. మామూలుగా వెయ్యికి నలభై తీసేసే చోట ఆ రోజు ఎనభై తీసేసేవాణ్ని. వాటికి మేము పెట్టిన పేరు ‘లింబాద్రి బీడీలు’. ఏడాది పాటు ఈ చేతులతో లింబాద్రి బీడీలు ఏరాను.

ఈ రోజు ముప్పై ఎనిమిది, ముప్పై ఐదు, నలభై. వెంకటవ్వ కట్టల్లో ఇరవై తొమ్మిది. నలభై ఏళ్లుగా చుడుతున్న ముసలమ్మ, ఆమె చుట్ట పాఠం చెప్పడానికి పనికొస్తుంది. అలాంటి ఆమె చెయ్యి కూడా లింబాద్రి కాలంలో తప్పింది. నా కాలంలో తప్పలేదు.

నాకేం బాధ లేదు. మొదటి వారమే కదా.

13 ఆగస్టు

షూటింగుకు బస్సులో పోవాల్సి వచ్చింది. ఎక్కాక చూస్తే కండక్టరు లింబాద్రి.

బస్సు బస్సంతా “కాలయ్యా, బోధన్ ఒకటి, కాలయ్యా, ఎడపల్లి రెండు” అని పిలుస్తోంది. ఒకాయన “మా తాత కాలానికి టికెటెంత?” అన్నాడు. “పోను ఇస్త, రాను ఇయ్య,” అన్నాడు లింబాద్రి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, చెయ్యి నడుం మీద పెట్టకుండా. నన్ను ఎవరూ గుర్తు పట్టలేదు.

“నర్సన్నా, మంచిగ జేస్తున్నవట గద. ఏం జేద్దు, నాకు ఐతారం గూడ డ్యూటీ పడ్తున్నది, సూడలేకపోయిన,” అన్నాడు. మంచివాడు. అదే కష్టం, తిట్టుకోవడానికి కూడా వీల్లేదు.

17 ఆగస్టు, సోమవారం

ముప్పై ఆరు. ముప్పై మూడు. వెంకటవ్వ ఇరవై ఏడు.

నాకేం బాధ లేదు.

21 ఆగస్టు

మార్కండేయకు ఫోన్లు వస్తున్నాయట. లింబాద్రిని మళ్లీ ఎప్పుడు తెస్తారని. “జర నవ్వు పెంచన్నా,” అన్నాడు. పెంచుతాను. ఇంకా ఆరు వారాలు ఉన్నాయి.

24 ఆగస్టు, సోమవారం

ఈ రోజు డెబ్బై రెండు!

వెంకటవ్వ కట్టల్లోనే డెబ్బై రెండు. మిగతావాళ్లవి అరవై, అరవై ఐదు. చూడగానే తెలిసింది, ఏదో తేడా ఉందని. పైకి బాగానే కనిపిస్తాయి. గట్టిగా నొక్కితే ఆకు కదులుతుంది. ఇన్నాళ్లూ నేనే చూసీ చూడనట్టు వదిలేశాను. ఈ రోజు కిటికీ దగ్గరికి బల్ల జరిపించుకున్నాను, వెలుతురులో అన్నీ బయటపడ్డాయి.

“ఏంది కొడుకా, గిన్ని తీసినవ్?” అన్నది వెంకటవ్వ.

“నిన్న టీవీ సూసినవా అవ్వా?” అన్నాను.

“సూసిన. సూస్తె?”

చూసిందట! తన నోటితోనే ఒప్పుకున్నది. సాయంత్రం ఇంటికి వస్తూ జిలేబీ తెచ్చాను.

31 ఆగస్టు, సోమవారం

వెంకటవ్వవి ఎనభై ఒకటి. మార్కండేయకు చెప్పాను. “ఫోన్లయితె గట్లనే అస్తున్నయన్నా,” అన్నాడు. ఫోన్లున్నవాళ్లు వేరు, మన చూపరులు వేరు. బీడీలు చుట్టే ఇళ్లలో ఫోన్లెక్కడివి? నా దగ్గర ఉన్న రుజువు ఆయన దగ్గర లేదు.

తార మాత్రం జిలేబీ తింటూ ఒక మాట అన్నది. “వెంకటవ్వ బీడీలను నువ్వు గిన్ని తీసేసుడు ఎన్నడన్న ఇన్నమా?” ఆమెకు కార్ఖానా పని తెలియదు. తనూ పెళ్లికి ముందు చుట్టింది కానీ, చుట్టడం వేరు, చూడడం వేరు.

7 సెప్టెంబరు, సోమవారం

తొంభై! నిన్నటి భాగంలో నేను నిజాం కాలంలో చిక్కుకుపోయి గోడ దూకాను. వెంకటవ్వ రెప్ప వేసి ఉండదు.

వరసగా మూడు సోమవారాలు డెబ్బై దాటితే ఆకు ఆపేయాలని ఈ జూలై నుంచి మా దగ్గర కొత్త రూలు. మేనేజరు ఆమె పేరు రాసుకున్నాడు. రేపటి నుంచి ఆమెకు తునికాకు, తంబాకు ఇవ్వరు. రూలు నేను పెట్టింది కాదు. చెకింగ్ అంటే చెకింగే.

అన్నం సరిగా తినలేదు. ఎండ వల్ల కావచ్చు.

8 సెప్టెంబరు, మంగళవారం

అంతా రాస్తాను. ఏదీ వదలకుండా రాస్తాను.

వెంకటవ్వ పది గంటలకు వచ్చింది. ఆకు గది కిటికీ దగ్గర ఆమెకు ఆకు లేదన్నారు. ఏడవలేదు, అరవలేదు. నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. వెనక ఆడవాళ్లంతా తమ కట్టలు పట్టుకుని నిలబడ్డారు.

“నా బీడీలు ఏం పాపం జేసినయి కొడుకా?” అన్నది.

“నిన్ననే చెప్పిన గదవ్వా. ఐతారం నువ్వు టీవీ సూసుకుంట సుట్టినవ్. చెయ్యి తప్పింది.”

“ఐతారమా? ఐతారం మా గల్లీల కరెంటే లేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. పగటీలి నుంచి సోమారం పొద్దుగాల్ల దాక లేదు. నేను అర్గుమీద కూసోని, ఎలుగు ఉన్నప్పుడే అన్ని సుట్టిన. టీవీ సూసుడెక్కడిది?”

వెనక నుంచి ఇంకొకామె “అవును, మా దిక్కు గూడ లేకుండె,” అన్నది. ఆమె కట్టల్లో నేను నిన్న అరవై ఎనిమిది తీశాను.

తీసేసిన బీడీలు మంగళవారం సాయంత్రం తుంచి పారేస్తాం. ఇంకా తుంచలేదు, గంపలోనే ఉన్నాయి. వెంకటవ్వ వంగి తన దారం చూసి గుర్తు పట్టి, పిడికెడు తీసి నా ముందు పోసింది. ఆమె ఎర్ర దారం కడుతుంది.

“కండ్లు మూసుకో,” అన్నది.

మూసుకోలేదు. తన చేత్తో నా కళ్లు మూసింది. ఆ చేతికి తంబాకు వాసన.

“ఇప్పుడు సూడు. ఏళ్లతోని సూడు. నీకు పని నేర్పినోడు గట్లనే నేర్పిండు గద.”

నిజమే. మంచి చెకింగువాడు కళ్లతో చూడడు. నేను ఒక్కొక్కటీ వేళ్ల మధ్య దొర్లించాను. నడుం గట్టిగా ఉంది. మొన లోపలికి మడిచి ఉంది. ఇంకోటి. గట్టిగా ఉంది. ఇంకోటి. ఎన్ని పట్టుకున్నానో తెలియదు. ఒక్కటి కూడా వదులుగా లేదు. ఒక్కటి కూడా.

ఆమె చెయ్యి తీసింది. నేను వెంటనే కళ్లు తెరవలేదు.

“నువ్వు గా లింబాద్రి లెక్క కాలేదని మామీద తీసినవా?” అన్నది.

  వాళ్లు చూడాలని ఎంత కోరుకున్నానంటే, చూసినట్టు సాక్ష్యం నేనే తయారు చేసుకున్నాను. పదహారేళ్ల చేతుల్ని దానికి వాడుకున్నాను.

9 సెప్టెంబరు

సిగ్గుగా ఉంది.

10 సెప్టెంబరు, గురువారం

షూటింగుకు పోలేదు. మార్కండేయ దగ్గర ఒక పాత భాగం ఉంది, ఈ ఆదివారానికి అదే వేసుకోమన్నాను.

మేనేజరు గదిలోకి పోయి మూడు సోమవారాల సంగతి చెప్పాను. బుద్ధి చెడిందన్నాను. కారణం అడిగాడు, అది కూడా చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. ఆడవాళ్లందరినీ పిలవమని నేనే అడిగాను. వాళ్ల ముందు చెప్పాను. వెంకటవ్వకు ఆకు మళ్లీ ఇచ్చారు. నన్ను చెకింగు బల్ల నుంచి తీసి ఆకు గదిలో వేశారు. తడిపిన ఆకు తూచి కిటికీలోంచి అందించాలి. నా బల్ల మీద ఇప్పుడు కొత్తవాడు కూర్చున్నాడు.

తుంచి పారేసినవి తిరిగి రావు. రోజూ సాయంత్రం తారా నేనూ కూర్చుని చుడుతున్నాం, ఎవరి నుంచి ఎన్ని పోయాయో అన్నీ తిరిగి ఇచ్చేదాకా. నేను చుట్టినవాటిలో సగం తార తీసేస్తోంది. న్యాయంగానే తీసేస్తోంది.

వెంకటవ్వతో “మాఫ్ చెయ్యవ్వా” అన్నాను.

“చెయ్య,” అన్నది.

12 సెప్టెంబరు

తప్పు చేశాను కాబట్టి సీరియల్ మానేయాలా? రెండు రోజులు అదే ఆలోచించాను. మానను. మానేస్తే చెడగొట్టిన పని ఒకటి, వదిలేసిన పని ఒకటి, రెండవుతాయి. రేపటి పాత భాగం పోను ఇంకా రెండు ఆదివారాలు ఉన్నాయి.

14 సెప్టెంబరు

కిటికీలోంచి ఆకు ఇస్తూ వెంకటవ్వను అడిగాను. నాతో మాట్లాడదని తెలిసీ అడిగాను. “అవ్వా, కాలయ్యను మనసువెట్టి ఎందుకు సూస్తలేరు?”

ఆకు అటూ ఇటూ తిప్పి చూసుకున్నది. చివరికి గోడతో చెప్పినట్టు చెప్పింది: “ఒళ్లు మారింది అంటరు. నవ్వు పాతదే నవ్వుతడు, చెయ్యి పాతదే పెడ్తడు. లింబాద్రి అంగి తొడుక్కున్నోన్ని ఏం సూస్తం?”

17 సెప్టెంబరు, గురువారం

నవ్వలేదు. నవ్వు రాని మనిషిలాగే చేశాను. మార్కండేయ రెండు సార్లు ఆపాడు. మూడోసారి నేను ఆపనివ్వలేదు.

20 సెప్టెంబరు, ఆదివారం

వచ్చింది. రేపు సోమవారం. రేపు నా ముందు బీడీలు ఉండవు. ఎవరి చెయ్యి తప్పిందో నాకు తెలియదు. తెలియకుండానే చేయడం నేర్చుకోవాలి.

24 సెప్టెంబరు, గురువారం

చివరి భాగం తీశాం. కథ ఇది: కాలయ్య అరవై ఏళ్ల వెనక కరువులోకి పోతాడు. అక్కడ ఒక బాలింత, ఒళ్లో పసిబిడ్డ, నీళ్లు లేవు. కాలం దాటేటప్పుడు కాటా ఒక మనిషి బరువే మోస్తుంది. ఆమెను ఎక్కించుకుంటే ముల్లు కదలదు. బాలింత వేషానికి ఆర్మూరు నుంచి రావాల్సిన అమ్మాయి రాలేదు. తారకు పాత చీర కట్టి, బట్టల మూట బిడ్డలా చుట్టి ఇచ్చి నిలబెట్టారు.

మార్కండేయ రాసింది ఏమిటంటే, కాలయ్య నవ్వి “కాలమే కాపాడుతది” అని కాటా ఎక్కుతాడు.

ఆ మాట నాకు నోటికి రాలేదు. తార మూటను గుండెకు హత్తుకుని నా వైపు చూస్తోంది. నేను కళ్లు దించాను. “నాతోని గాలే. నిన్ను తోల్కపోవుడు నాతోని గాలే. తప్పు నాదే,” అన్నాను. కాటా ఎక్కాను. ముల్లు తిరిగింది. తిరుగుతున్నంత సేపూ ఆమె వైపు చూడలేకపోయాను. నటించానని చెప్పను.

మార్కండేయకు కోపం వచ్చింది. మళ్లీ తీద్దామన్నాడు. వెలుతురు పోయింది, క్యాసెట్టు కూడా అయిపోయింది. పున్నయ్యగారు కుర్చీలోంచి లేవలేదు. “ఇవాళ లింబాద్రిగారు కనబడలేదండీ,” అన్నాడు మెల్లగా. మెచ్చుకున్నాడో లేదో అడగలేదు.

27 సెప్టెంబరు, ఆదివారం

ఎనిమిదో ఆదివారం అయిపోయింది. భాగం అయిపోగానే మార్కండేయ మనిషిని పంపాడు. కాలయ్య ఓడిపోవడం ఏమిటని అందరూ అడుగుతున్నారట. రేపు సాయన్నకు కొలతలు తీయించి కాలయ్య కోటు కుట్టిస్తున్నాడట.

బాధగా ఉంది. చాలా బాధగా ఉంది. కానీ నేను చేసింది తప్పు కాదు. మొదటిసారి అలా అనిపిస్తోంది.

28 సెప్టెంబరు, సోమవారం

ఆకు గది కిటికీ తెరవగానే మొట్టమొదట వెంకటవ్వ. గంప కింద పెట్టింది. ఆకు కోసం చెయ్యి చాపలేదు.

“బాలింతను ఇడిసిపెట్టి ఎట్లచ్చినవురా?” అన్నది.

నాకు అర్థం కాలేదు.

“పచ్చి బాలింత! ఒళ్లె పసిపిల్ల! నీళ్లు సుక్క లేని తాన నిలవెట్టి, తప్పు నాదే అని కాట ఎక్కి అస్తవా? తప్పు నీదైతె మల్ల పో! వొయ్యి తోల్కరా!”

“అవ్వా, అది మా తార. ఇంటి కాడ పప్పు వండుతున్నది...”

“తార సంగతి నాకెర్క లేదా? తార సంగతి ఎవలడిగిండ్రు? గా బాలింత సంగతి చెప్పు!”

వెనక ఆడవాళ్లు గొడవ మొదలుపెట్టారు. ఒకామె రాత్రంతా అదే మనసులో మెదిలిందన్నది. ఇంకొకామె కాటా మీద మనిషి దిగి బాలింతను ముందు పంపవచ్చు కదా అన్నది. అది మార్కండేయకు తట్టలేదు, నాకూ తట్టలేదు.

“వచ్చే ఐతారం... వచ్చే ఐతారం నేను ఉండనవ్వా. ఒళ్లు మారుస్తున్నరు. సాయన్న వస్తడు,” అన్నాను.

వెంకటవ్వ గంప ఎత్తుకున్నది. ఆకు తీసుకోకుండానే బయటికి నడిచింది. ఐదుగురు ఆమె వెంట. నేను తాళం మేనేజరు చేతిలో పెట్టి వాళ్ల వెనక పరుగెత్తాను. కేబుల్ ఆఫీసులో ఒక దర్జీ, సాయన్న భుజాలు కొలుస్తున్నాడు.

“మార్కండేయా, ఒళ్లు మారుస్తవట?” అన్నది వెంకటవ్వ.

“అవునవ్వా, జనం అడుగుతున్నరు...”

“జనమెవలు? నేను గానా? ఇడిసిపెట్టి అచ్చినోడే వోవాలె. గాయన మొఖమే గా బాలింతకెర్క. ఈ సాయన్న వోతె ఆమె నమ్మి బిడ్డను ఇస్తదా?”

సాయన్న తన మెడలోంచి దర్జీ టేపు తీసేసి, “గా ఏషం ఇయ్య అని నేను అన్ననా అవ్వా,” అన్నాడు పాపం, ఏమీ అర్థం కాక.

మార్కండేయ నన్ను చూశాడు, వాళ్లను చూశాడు. “సరే. ఐతారం నర్సన్ననే పోతడు.”

“ఐతారం దాకనా? గన్ని దినాలు ఆమెకు నీళ్లెవలిస్తరు?”

 మార్కండేయ క్యాలెండరు చూశాడు. రేపు పొద్దున తీసి రేపు సాయంత్రమే వేస్తానన్నాడు. బతుకమ్మ ఆడి వచ్చేసరికి ఉండాలన్నారు ఆడవాళ్లు. ఉంటుందన్నాడు.

బయటికి వచ్చాక నాకు కళ్లల్లో నీళ్లు వచ్చాయి. ఆమె ముందు నడుస్తోంది, నేను పక్కకు చేరి, “నన్ను మాఫ్ చేసినవా అవ్వా?” అన్నాను.

వెంకటవ్వ ఆగింది. నా మొహం పరీక్షగా చూసింది, ఎవరిదో పోల్చుకుంటున్నట్టు.

“నేను కాలయ్యతోని మాట్లాడిన,” అన్నది. “నీతోని మాట్లాడలే.”

రేపు పొద్దున ఏడు గంటలకు వ్యాను. తారకు చెప్పాను. ఆమె పాత చీర తీసి పెట్టుకుంది. నేను ఇత్తడి బిందె కడిగి, నీళ్లు నింపి, మూత పెట్టాను.